అక్క ఫోనుకు పట్టించిన పొడి

మా క్లినిక్‌లో సూది పట్టేది అక్క, అందించేది నేను. అక్క చర్మ డాక్టరు, నేను నర్సును. ముడతలు పోగొట్టడం, పీక్కుపోయిన బుగ్గలు నింపడం మా పని. పోయిన నెల ఒకావిడకి సూది పడ్డ చోట చీము పట్టింది. మందులకు ఆవిడ బుగ్గ నయమైంది కానీ మా పోట్లాట నయం కాలేదు. తప్పు నీదంటే నీదని జుట్లు పట్టుకోవడమే తక్కువ.

క్లినిక్ అమ్మది కాబట్టి ఆవిడ మాటే శాసనం.

"ఈసారి నా బుగ్గలే చెయ్యండి. ఎవరి చెయ్యి శుభ్రంగా లేదని తేలుతుందో, వాళ్లు మళ్లీ ఈ గదిలో అడుగుపెట్టకూడదు. డాక్టరైనా సరే, బయట కూర్చుని ఫోన్లు ఎత్తుకోవాల్సిందే."

ఆ గదంటే నాకు ప్రాణం. పైగా దొంగెవరో నాకు ముందే తెలుసు. అక్క గ్లవ్స్‌తోనే ఫోను ముట్టుకుంటుందని నా గట్టి నమ్మకం. చేతులు సరిగ్గా కడిగామో లేదో చూసుకునే పొడి ఒకటి మా దగ్గర ఉంది. మామూలుగా కనబడదు, ఊదారంగు దీపం కింద పచ్చగా వెలుగుతుంది. దాన్ని అక్క ఫోనుకు దట్టంగా పట్టించి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, నంగనాచిలా వచ్చి నిలబడ్డాను.

అమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. ఇద్దరం కొత్త గ్లవ్స్ తొడుక్కున్నాం. అమ్మ బుగ్గలు మందుతో తుడిచాను. అక్క సిరంజి తీసుకోబోతుండగా పక్కన పెట్టిన తన ఫోను మోగింది. ఎత్తు తల్లీ, ఎత్తు అని మనసులో మొక్కుకున్నాను. అక్క తల కూడా తిప్పలేదు.

"అబ్బా, ఆ గోల ఆపండే!" అంది అమ్మ.

ఠక్కున ఫోను తీసి కట్టేశాను. జారిపోతున్న కళ్లద్దాలు పైకి తోసుకున్నాను. "ఇక్కడ కాస్త ఎర్రగా ఉంది చూడక్కా," అని అమ్మ బుగ్గ మీద వేలు పెట్టి చూపించాను. అక్క సూది దించేలోగా, "ఒక్క నిమిషం!" అని గది చీకటి చేసి ఊదా దీపం వేశాను. గుమ్మడికాయల దొంగంటే అక్క భుజాలు తడుముకుంటుందని నా ఆశ.

అక్క గ్లవ్స్ మీద చుక్క లేదు. నా పది వేళ్లూ పచ్చగా వెలుగుతున్నాయి. పక్కనే ఉన్న అద్దంలో చూస్తే నా ముక్కు, కళ్లద్దాలు కూడా వెలుగుతున్నాయి.

"నువ్వెందుకే భుజాలు తడుముకుంటున్నావ్?" అంది అమ్మ. ఇప్పుడు భుజాలు కూడా వెలిగాయి.

నవ్వబోయి ఆగిపోయాను. అమ్మ బుగ్గ మీద, సరిగ్గా సూది దిగాల్సిన చోట, నా వేలిముద్ర పచ్చగా మెరుస్తోంది. పోయిన నెల ఆవిడ బుగ్గ మీద కూడా ఇదే వేలు ఉండి ఉంటుంది.

"నేను తీసిన గోతిలో నేనే పడ్డాను," అన్నాను.

అక్క సిరంజి పక్కన పెట్టేసి, గ్లవ్స్ మార్చుకుని, అమ్మ బుగ్గ మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.

బయట బల్ల మీద క్లినిక్ ఫోను మోగింది.

"వెళ్లమ్మా," అంది అమ్మ కళ్లు మూసుకునే. "అది ఎన్నిసార్లు ఎత్తినా నిన్నెవరూ ఏమీ అనరు."