ఖాళీ చీలికలో గెలాక్సీ

"మీరు చూడలేదు భార్గవ్ గారూ. చూడకుండానే చూశానన్నారు. రావుగారు అననిచ్చారు. ఇద్దరూ కలిసి నా అనుమానాన్ని ఆకాశం పేరు చెప్పి అమ్ముతున్నారు."

అలేఖ్య ఆ మాట అనేసరికి భార్గవ్ చేతిలో కరక్ చాయ్ కప్పు పెదవిదాకా వెళ్లి ఆగింది. షార్జాలో ఓ కాలేజీ గది, 2007 మే నెల, గురువారం మధ్యాహ్నం. రేపట్నుంచి సెలవు. ఈలోపే ఎదురు బల్ల దగ్గరున్న ప్రొఫెసర్ వీరరాఘవరావు తన పరిశోధన వ్యాసాన్ని పత్రికకు పంపాలి. తనదీ, తన దగ్గర పనిచేసే వీళ్లిద్దరిదీ, ముగ్గురి పేర్లతో.

వాళ్ల పని చెప్పడం తేలిక, చేయడం నరకం. దూరపు గెలాక్సీ వెలుగు ఇక్కడికొచ్చేలోపు సాగిపోయి ఎరుపువైపు జరుగుతుంది. అదే రెడ్‌షిఫ్ట్. ఎంత జరిగిందో కొలిస్తే గెలాక్సీ ఎంత దూరమో, ఎంత పాతకాలపుదో తెలుస్తుంది. అలా కాలం వరసలో పేర్చుకుంటూ పోతే గెలాక్సీలు ఎలా పుట్టాయో, ఎలా పెరిగాయో తెలుస్తుంది. ఎక్కడో కొండమీద టెలిస్కోపుకి సన్నటి చీలికలున్న పలక బిగిస్తారు. ఒక్కో చీలికకీ ఒక్కో గెలాక్సీ. దాని వెలుగు రంగులుగా విడిపోయి, గీతల బొమ్మగా వీళ్ల కంప్యూటర్‌లోకి వస్తుంది. ఇందులో కట్టుబాటు ఒక్కటే. ప్రతి బొమ్మనూ ఇద్దరు చూడాలి, ఒకరి జవాబు ఇంకొకరికి తెలియకూడదు. ఇద్దరిదీ కలిస్తే ఖాయం.

చిక్కల్లా ఒంటిగీత బొమ్మలతోనే. ఆ గీత ఆక్సిజన్‌దైతే గెలాక్సీ ఎక్కడో దూరం. హైడ్రోజన్‌దైతే పక్కింటిదే. అలాంటివాటికి అలేఖ్య "ఆక్సిజన్ కావచ్చు, అనుమానం" అని రాసింది. భార్గవ్ కూడా అన్నిటికీ ఆక్సిజనే అన్నాడు. దాంతో అనుమానాలన్నీ ఖాయాలైపోయాయి. విశ్వం ఇంకా కుర్రతనంలో ఉండగానే గెలాక్సీలు పెద్ద పెద్ద కాపురాలు పెట్టేశాయని రావుగారి వ్యాసం గంతులేసింది.

ఆమెకి అప్పుడే మనసులో ముల్లు దిగింది. భార్గవ్ చెడ్డవాడు కాదు. దుబాయ్‌లో నైఫ్ బజారుకెళ్తే ఆమె కోసం కరివేపాకు తెచ్చే మనిషి. కానీ ఇన్ని బొమ్మల్లో ఒక్కదాని మీదైనా పేచీ రాలేదంటే, ఎవరో ఒకరు చూడలేదన్నమాటే.

"నా కళ్లజోడు మీద ఒట్టమ్మా, అన్నీ చూశాను," అన్నాడు భార్గవ్. "ఇద్దరి మాటా కలిస్తే సంతోషించాలి గానీ, పోలీసోళ్లలా ఏంటీ ఆరా?"

"అయితే ఇది చూడండి."

ఆమె స్క్రీన్ అతని వైపు తిప్పింది. బూడిదరంగు మచ్చలు తప్ప ఏమీ లేదు. ఆ చీలిక గురితప్పి ఉత్త ఆకాశం మీద పడింది.

"ఏముంది ఇందులో?"

"ఏం లేదుగా," అన్నాడు భార్గవ్.

"ఇందులో గెలాక్సీ ఉందని రాశారు మీరు. దూరంతో సహా. ఎందుకంటే నేను రాశాను. జ్వరంతో కూర్చుని ఓ వరస జారిపోయి, పక్క బొమ్మ అంకె దీనికి టైపు చేసేశాను. ఇవాళ పొద్దున్నే పట్టుకున్నాను. నా వేలు జారింది సరే. మీ వేలు కూడా సరిగ్గా అక్కడే జారిందా?"

భార్గవ్ కప్పు కింద పెట్టాడు. ఆమె వైపు కాదు, రావుగారి వైపు చూశాడు.

"సార్, మీరేగా అన్నారు... టైము లేదు, అమ్మాయి జవాబులు పక్కన పెట్టుకుని చూసెయ్యమని."

రావుగారు చూసీ చూడనట్టు ఊరుకున్నారనే అనుకుంది అలేఖ్య ఇన్నాళ్లూ, చేయించింది ఆయనేనని కాదు. తక్కువ అనుమానించింది.

వీరరాఘవరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "దానికేముందమ్మా, ఆ ఒక్కటీ తీసేద్దాం. ఖలాస్. మిగతావి బాగానే ఉన్నాయి."

"బాగున్నాయని ఎవరు చూశారు సార్?"

"ఇవాళ పంపుతామని ముదీర్‌కి, అదే మన డైరెక్టరుగారికి, మాటిచ్చాను. వచ్చే నెల నీ వీసా కాగితాల మీద సంతకం పెట్టేది కూడా ఆయనే. కాస్త ఆలోచించుకో."

ఎంత మెత్తగా అన్నాడో. ముందే తయారుగా పెట్టుకున్న మాటలా ఉంది. వీసా పోతే అలేఖ్య ఇల్లు ఖాళీ చేసి దేశం వదిలి వెళ్లిపోవాలి. వ్యాసం వెళ్తే ఆమె అనుమానం ఆమె పేరుతోనే నిజమై తిరుగుతుంది. రేపు ఇంకెవరో దాని మీద ఇంకో అంతస్తు లేపుతారు.

ఆమె కుర్చీ లాక్కుని కంప్యూటర్‌కి అడ్డంగా కూర్చుంది.

"ఇది ఇవాళ వెళ్లదు సార్. ముదీర్‌కి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. నా అంకెలు ఈయనకి కనపడకుండా తాళం వేయించండి. భార్గవ్ గారూ, మొదటి బొమ్మ నుంచి మళ్లీ మీ కళ్లతో చూడండి. అందాకా ఒంటిగీతలన్నీ అనుమానం కిందికి మార్చండి, నా ఎదురుగానే. కాదంటే నా పేరు కొట్టేయండి. ఎందుకు కొట్టేశారో ముదీర్‌కి మీ నోటితోనే చెప్పండి."