మూడో దరువు మీద మౌనం

నరే ఆ రోజు మధ్యాహ్నం దాకా నిబ్బరంగానే ఉంది. దేగులో పొద్దున్నే బస్సెక్కి సియోల్ వచ్చింది. ఒలింపిక్ పార్కులో చలికి కాళ్లు మార్చుకుంటూ వరసలో నిలబడింది. గాయకుల పేరున దానమివ్వడానికి అభిమానులు దండలతో పాటు పంపిన బియ్యం బస్తాల ముందు ఫొటో కూడా దిగింది. తీరా కింబాప్ అన్నం చుట్టల పొట్లం విప్పబోతుంటే, ఫోనులో ఈసోల్ రాసిన నాలుగు ముక్కలు కనిపించాయి.

"ఇవాళ ఒక్క పాటకి వస్తున్నాను. పాడగలిగితే ఉంటాను. లేకపోతే ఇదే సెలవు. మీ మీద అలిగి కాదు, నా వల్ల కాక."

'నారు' బృందంలో ఐదుగురు గాయకులు. వయసు వరసలో మూడోవాడు ఈసోల్, ఇంటిపేరు 'మా'. రెండేళ్ల కిందట నిండు సభలో పాట మధ్యలో గొంతు పట్టేసి, చేతులు వణికి, వేదిక దిగి వెళ్లిపోయాడు. మళ్లీ ఎక్కలేదు.

"అక్కా, ఇది చూశావా?" అంటూ నరే ఫోను చాపింది.

పక్కనున్న గుమ్‌జు అక్కది బజారులో ఎండు చేపల కొట్టు. యాభై దాటాయి. నారు కచేరీ అంటే కొట్టుకి తాళం వేసి వచ్చేస్తుంది.

"చూశాలే. ముందు తిను. ఖాళీ కడుపుతో ఏం అరుస్తావు?"

"రేపటినుంచి ఇక చూడలేమేమో అక్కా."

"అందుకే తిను. ఇవాళైనా గట్టిగా అరుద్దువుగాని."

నరే భయం ఊరికే పుట్టింది కాదు. ఈ రెండేళ్లూ అతని చోటు కాపాడుతూ వచ్చింది తనే. పాట ఎత్తుకునే ముందు, వాయిద్యాలు మోగేటప్పుడు, ఐదుగురి పేర్లూ ఒక్కో దరువుకి ఒక్కటి చొప్పున సభంతా అరవాలి. ఎక్కడ అరవాలో, ఎక్కడ ఊరుకోవాలో బృందాన్ని నడిపే కంపెనీ వాళ్లే ముందుగా చెబుతారు. అభిమానులు ఎక్కాల్లా వల్లె వేస్తారు. ఈసోల్ వెళ్లిపోయాక కంపెనీ నాలుగు పేర్ల వరస పంపింది. మూడో దరువు మీదకి తర్వాతివాడిని జరిపింది. నరేకి ఒళ్లు మండిపోయింది. పళ్ల ఆసుపత్రిలో పగలంతా జనం చేత నోళ్లు తెరిపించే మనిషి, ఆ ఒక్క దరువు దగ్గర మాత్రం నోళ్లు మూయించింది. "అతని చోట ఇంకొకరిని కూర్చోబెట్టకండి, ఖాళీగా ఉంచండి" అని ఆమె రాసిన మాట ఊరూరా పాకింది. అప్పటినుంచి ఏ కచేరీలో చూసినా రెండు పేర్ల తర్వాత వేలమంది ఒక్కసారిగా గప్‌చుప్. ఆ నిశ్శబ్దం విన్నప్పుడల్లా నరేకి ఒళ్లు గగుర్పొడిచేది. ఇంతమందికి ఒక మనిషిని ఇలా గుర్తుపెట్టుకోవడం చేతనవుతుందా అని ఆశ్చర్యపోయేది.

ఆ నిశ్శబ్దాన్ని ఈసోల్ మాత్రం ఎన్నడూ వినలేదు. నారు పాట చెవిన పడితేనే తట్టుకోలేక, రెండేళ్లుగా ఆ పాటల జోలికే వెళ్లలేదని వాళ్లమ్మ ఎక్కడో చెప్పింది.

కచేరీ మొదలైంది. వీళ్లవి కప్పుకి దగ్గరగా ఉన్న సీట్లు. కింద వేదిక అగ్గిపెట్టెంత. చుట్టూ అభిమానులు పట్టుకున్న తెల్లటి చేతిదీపాలు. ఎన్నిసార్లు వచ్చినా నరే ఆ వెలుగునే చూస్తూ ఉండిపోతుంది. మూడు పాటలయ్యాక వేదిక చీకటైంది. మళ్లీ వెలిగేసరికి నలుగురి మధ్య ఐదోమనిషి నిలబడి ఉన్నాడు. సభ హోరెత్తిపోయింది. పెద్ద తెర మీద ఈసోల్ ముఖం చిక్కిపోయి ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మైకు పట్టుకున్న చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

వాళ్ల తొలిపాట డప్పు మోగింది.

"చా ఉజిన్!"

"మో హన్‌బిత్!"

మూడో దరువు పడింది. ఒక్క గొంతూ లేవలేదు.

"పేక్ రోయున్!"

"కూ జేఒన్!"

నరే నోరు కూడా ఆ దరువుకి దానంతటదే మూసుకుపోయింది. రెండేళ్ల అలవాటు అందరి గొంతూ ఒకేసారి నొక్కేసింది. జరిగింది తెలిసేసరికి వరసలు వరసలుగా జనం చేత్తో నోరు కప్పుకున్నారు.

"చచ్చాం," అంది గుమ్‌జు అక్క. "మనం అలిగామనుకుంటాడే."

అనుకోడా మరి? అక్కడి అభిమానులు కోపం వస్తే తిట్టరు. దీపాలు ఆర్పేసి మౌనంగా కూర్చుంటారు. ఎంతటి గాయకుడైనా హడలిపోయేది దానికే. తెర మీద ఈసోల్ కళ్లు ఆ చివరినుంచి ఈ చివరికి వెతికాయి. పాటలో అతని వంతు వచ్చింది. నోరు తెరిచాడు. శబ్దం రాలేదు. వాయిద్యం తన దారిన తాను పోతోంది. మైకు మెల్లగా కిందికి దిగింది. ఒక కాలు వెనక్కి పడింది.

గాయకుడి వంతులో నోరెత్తడం మహాపాపం. అలా నోరెత్తినవాళ్లని నరే స్వయంగా చీవాట్లు పెట్టింది. ఇప్పుడు సీట్లోంచి లేచి నిలబడి, గొంతు చీరుకుపోయేలా అరిచింది.

"మా ఈసోల్!"

ముందు వరస పిల్ల ఉలిక్కిపడి వెనక్కి చూసింది. నరే మళ్లీ అరిచింది. గుమ్‌జు అక్క చేపల బజారు గొంతు తోడైంది. తర్వాత ఆ పిల్ల. తర్వాత ఆ వరస. పై అంతస్తు నుంచి కిందికి ఆ పేరు జారుతూ పోయింది. అతను పాడాల్సిన చరణమంతా అతని పేరుతో నిండిపోయింది. ఈసోల్ కదలకుండా నిలబడ్డాడు. నమ్మాలో వద్దో తెలియని ముఖం అది. పోతానంటే జాలిపడి పిలుస్తున్నారనుకున్నాడో ఏమో.

చరణం అయిపోయి, పేర్లు పిలిచే చోటు మళ్లీ వస్తోంది. పెద్దవాడు ఉజిన్ ముందుకొచ్చాడు. తన గుండె మీద చెయ్యి వేసుకుని, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపి, పెదాల మీద వేలు పెట్టాడు. మిగతా ముగ్గురూ అలాగే పెట్టారు. తమ పేర్లు పిలవొద్దంటున్నారని జనానికి అర్థమైంది.

మొదటి దరువు. నిశ్శబ్దం. ఉజిన్ చెయ్యి ఎత్తాడు.

రెండో దరువు. నిశ్శబ్దం. హన్‌బిత్ చెయ్యి ఎత్తాడు.

"మా ఈసోల్!"

ఆ పిలుపుకి నరే కాళ్ల కింద నేల అదిరింది. వెంటనే మళ్లీ నిశ్శబ్దం, ఇంకోసారి నిశ్శబ్దం. అన్ని వేలమందిలో ఒక్కరూ తడబడలేదు. మనుషులు ఇంత పని చేయగలరని నరేకి ఆ క్షణం దాకా తెలియదు. కళ్లనీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు.

ఈసోల్ పక్కనున్న నలుగురినీ చూశాడు. కళ్లెదుట నిలబడ్డ మనుషులకి, ప్రాణంగా ప్రేమించే మనుషులకి కూడా ఈ జనం మౌనం పాటించారు. అంటే ఇందాకటి మౌనం అలక కాదని, తన కోసం ఖాళీగా ఉంచిన చోటని అతనికి మెల్లగా తెలిసింది. మైకు పైకి లేచింది.

చివరి చరణం పాడాడు. గొంతు జీరపోయింది, రెండు చోట్ల శ్రుతి తప్పింది. ఆ గొంతు మీద చిన్న చప్పుడైనా పడనివ్వకుండా సభంతా ఊపిరి బిగబట్టి వింది.

పాట ఆగాక అతను వేదిక మీదే చతికిలబడ్డాడు.

"రెండేళ్లూ నా చోటు అలాగే వదిలేశారా?" అని అడిగాడు.

"ఊఁ," అంది సభ.

"ప్రతిసారీనా?"

"ఊఁ."

ఈసోల్ చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు. "అయితే మొదటినుంచి మళ్లీ వాయించమనండి. ఈసారి నా పేరు దగ్గర ఎవరైనా ఊరుకున్నారో, పాట ఆపి నేనే వాళ్ల పక్కనొచ్చి కూర్చుంటాను."

జనం ఏడుస్తూనే నవ్వారు. డప్పు మోగింది. ఒకటి. రెండు. మూడో దరువుకి నరే నోరు తెరిచింది. గొంతు పూర్తిగా పోయింది, గాలి తప్ప ఏమీ రాలేదు. గుమ్‌జు అక్క ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, ఆమె వంతు కూడా కలిపి అరిచింది.