రెక్కల నట్లు

నా దగ్గరికి వచ్చేవాళ్ళందరికీ మొదట ఒకటే మాట చెబుతాను. కారు డిక్కీలో రోజూ ఏమేం పెట్టుకుంటారో అవన్నీ పట్టుకురండి, ఎక్కడివక్కడ సర్దండి, ఆ తర్వాతే కొలిచే టేపు తీస్తాను. అందుకే ఈ వీధిలో నా పేరు టేపు మాస్టారు. అసలు పేరు బోర్డు మీద ఉంది, ఎవరూ చదవరు.

ఈ నియమం ఊరికే పెట్టుకున్నది కాదు. చాలా ఏళ్ళ కిందట ఒకాయన ఖాళీ డిక్కీతో వచ్చాడు. కొలతలు తీసి, చెక్క డబ్బా చేసి, అందులో పాటకి దడదడ మోత పుట్టించే వూఫర్ కూర్చోబెట్టి, పక్కన యాంప్లిఫయర్ బిగించి పంపాను. పని అద్దంలా వచ్చింది. వారం తిరక్కుండా ఆయన టైరు పంక్చరైంది. స్టెప్నీ నా డబ్బా కింద ఉంది. డబ్బాకి పన్నెండు స్క్రూలున్నాయి. స్క్రూడ్రైవరు నా షాపులో ఉంది. ఆయన రోడ్డు పక్కన నిలబడి ఫోనులో తిట్టిన తిట్లు పక్క గదిలో ఉన్న మా ఆవిడకి కూడా వినిపించాయి. అప్పటినుంచి చేతులు కాలకముందే ఆకులు పట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

నిజం చెప్పాలంటే ఈ దడదడల మీద నాకేమీ ప్రేమ లేదు. వెనకనుంచి ఎవరో వీపు మీద గుద్దుతున్నట్టుండే ఆ మోత కోసం మనుషులు డిక్కీలో సగం ఎందుకు వదులుకుంటారో నాకిప్పటికీ అర్థం కాదు. ఎవరి పిచ్చి వారికి ఆనందం. డబ్బాలోంచి గాలి కారకూడదు, వైరు వేడెక్కకూడదు, రేకు గలగలలాడకూడదు. అంతవరకే నా బాధ్యత అనుకునేవాణ్ణి.

పోయినేడాది వానలకి ముందు ఒకతను వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, కళ్ళద్దాలు, ఆఫీసు బూట్లు. కారు చిన్నది, పాతది, కానీ శ్రద్ధగా వాడిన చెయ్యి కనిపిస్తోంది. డిక్కీ మాత్రం కడిగి బోర్లించిన గిన్నెలా ఖాళీగా ఉంది.

"రోజూ ఇందులో ఏం పెడతారు?" అనడిగాను.

"ఏమీ పెట్టం మాస్టారూ. ఖాళీయే."

మనుషులు చెప్పనివి డిక్కీలు చెబుతాయి. అంచు మీద, రబ్బరుకి కాస్త లోపల, పెయింటు పోయిన గీతలు రెండున్నాయి. వాటి మధ్య జానెడు దూరం. సూట్‌కేసు రాసుకుంటే పడే గీతలు కావవి. చక్రాలున్న బరువైనదేదో కొన్ని వందలసార్లు ఎక్కి దిగింది. అడుగున పరిచిన గుడ్డ మీద టైరు నలుపు కూడా ఉంది.

"పాపాయి బండి ఉందా ఇంట్లో?"

అతను గీతల వైపు చూశాడు. "కాదండీ, మా నాన్న చక్రాల కుర్చీ. ఇప్పుడు దాన్ని బయటికి తియ్యడం లేదు. ఆయనే ఎక్కడికీ రానంటున్నారు. మేమేం వద్దనలేదు. ఆయనే రానంటున్నారు."

నేనేమీ అడగలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు తనే చెప్పుకుపోయాడు.

"కుర్చీ పట్టుకురండి," అన్నాను.

"అక్కర్లేదంటున్నాను కదండీ."

"పట్టుకొచ్చాక అక్కర్లేదనుకుందాం. ముందు రానివ్వండి."

గొణుక్కుంటూ వెళ్ళాడు. ఇల్లు రెండు వీధుల అవతలే. గంట తర్వాత తిరిగొచ్చాడు. డిక్కీలో కుర్చీ ఉంది, ముందు సీట్లో పెద్దాయన ఉన్నాడు.

"నా కారుకి ఏదో చేస్తున్నారట కదా, చూద్దామని నేనే వచ్చాను," అన్నాడాయన కిటికీ దించి.

డెబ్బైకి దగ్గర మనిషి. షుగరు వల్ల కుడికాలు మోకాలి కింద తీసేశారు. ప్రింటింగ్ ప్రెస్సులో ముప్ఫై ఏళ్ళు ఫిట్టరుగా చేశాడట. కారు ఆయన కొన్నదే. కాలు పోయాక కొడుకు నడుపుతున్నాడు.

కుర్చీ పాతకాలపు ఇనప రకం. మడిచినా వెనక తలుపులోంచి సీటు మీదికి పోదు. డిక్కీలో పడుకోబెడితేనే మూత పడుతుంది. టేపు వేశాను. కొడుకు అడిగిన పన్నెండంగుళాల వూఫర్‌కి తగ్గ డబ్బా పెడితే కుర్చీకి రెండు జానల చోటు తక్కువవుతుంది.

"ఎనిమిదంగుళాలది పెట్టుకోండి. డబ్బాని చక్రం వెనకున్న పక్కగూట్లోకి దూరుస్తాను. కుర్చీ హాయిగా పడుతుంది."

"ఎనిమిది ఏం మోగుతుంది మాస్టారూ? దానికంటే గిన్నె మీద గరిటెతో కొట్టుకోవడం నయం."

పెద్దాయన వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "వాడికేది కావాలో అదే పెట్టు తమ్ముడూ. ఇక నేనెక్కడికి వెళ్తాను గనక!"

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. నాకు బాధేసింది, దాంతో విసుగూ వచ్చింది. ఒక మనిషి చోటు టేపుతో కొలిచి తీసెయ్యడం నా పని కాదు కదా!

అప్పుడు పాము చావకుండా కర్ర విరగకుండా ఒక ఉపాయం తోచింది. డబ్బాని స్క్రూలతో కాకుండా రెండే రెండు బోల్టుల మీద నిలబెడతాను. వాటికి చేత్తో తిప్పే రెక్కల నట్లు వేస్తాను. వైరుకి లాగితే ఊడొచ్చే ప్లగ్గు పెడతాను. కావలసినప్పుడు నట్లు తిప్పి, ప్లగ్గు లాగి, డబ్బా ఇంట్లో దించి, కుర్చీ ఎక్కించుకోవచ్చు. రెండు నిమిషాల పని, పానా కూడా అక్కర్లేదు.

కొడుకు మొహం వెలిగిపోయింది. "చూశావా నాన్నా! నువ్వు ఎప్పుడు ఎక్కడికంటే అక్కడికి వెళ్దాం. రెండు నిమిషాలే."

"ఊఁ," అన్నాడు పెద్దాయన.

ఆ రోజంతా ఆయన షాపు ముందు కుర్చీలో కూర్చుని పని చూశాడు. బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టి, కరెంటు వైరుని కారుకి ఎడమవైపునుంచి, పాట వచ్చే వైరుని కుడివైపునుంచి లాగాను. రెండూ కలిసి నడిస్తే ఇంజను ఈల పాటలోకి దూరుతుంది. ఎర్తు కోసం డిక్కీ మూల పెయింటు గీకుతుంటే, "ఇంకాస్త గీకు తమ్ముడూ, ఇనుము నవ్వాలి," అన్నాడు. మా ఆవిడ టీ తెస్తే, ఇంటి బయట టీ తాగి ఆరునెలలైందన్నాడు. బోల్టులు దిగాక నట్లు అడిగి తీసుకుని, తన వేళ్ళతో పైకీ కిందికీ తిప్పి చూశాడు. "మర చుట్లు నున్నగా ఉన్నాయి. చంటిపిల్లాడు కూడా విప్పుతాడు," అన్నాడు. సాయంత్రం కుర్చీ మడిచి డిక్కీలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు డబ్బాకి గుడ్డ అంటిస్తూ మా ఆవిడ తలెత్తింది. ఈ గుడ్డపని అంతా తనదే, నా చేతికి జిగురు తప్ప గుడ్డ అంటదు.

"ఏవండీ, ఆ నట్లు ఎవరు విప్పుతారు?"

"వాళ్ళబ్బాయి. రెండు నిమిషాల పని."

"నా కుట్టుమిషను అటకెక్కించినప్పుడు కూడా ఇదే చెప్పారు. రెండు నిమిషాల్లో దింపుతానన్నారు. మూడేళ్ళయింది."

"జిగురు ఆరిపోతోంది, ముందది చూడు," అన్నాను.

ఆ సాయంత్రం కొడుకు ఒక్కడే వచ్చాడు. పాట పెడితే నంబరు ప్లేటు గలగలలాడింది. వెనక స్పాంజి ముక్క అతికించాను. రెండోసారికి మోత శుభ్రంగా, గుండ్రంగా వచ్చింది. అతను కళ్ళు మూసుకుని తల ఊపాడు. డబ్బాని బోల్టుల మీద దించి, నట్లు నేనే బిగించాను.

తర్వాత పదమూడు నెలల్లో ఆ కారుని ఈ వీధిలో ఇరవైసార్లయినా చూసుంటాను. కంటికంటే ముందు చెవికే తెలిసేది, నా షాపు అద్దాలు వణికేవి. ముందు సీటు ఎప్పుడూ ఖాళీయే. ఒక్కసారి చెయ్యెత్తి ఆపి, నాన్నగారెలా ఉన్నారని అడిగింది లేదు. రెక్కల నట్లు పెట్టాను కదా, నా పాపం కడిగేసుకున్నాననుకున్నాను.

పోయినవారం ఉదయం మోత లేకుండా వచ్చింది కారు. డిక్కీ మూత పూర్తిగా పడక తాడుతో కట్టి ఉంది. డబ్బా మీద అడ్డంగా ఎక్కించిన కుర్చీ సగం బయటికి వేలాడుతోంది. ముందు సీట్లో పెద్దాయన, ఇస్త్రీ చొక్కాతో. కొడుకు వేలికి రుమాలు చుట్టుకుని దిగాడు.

"మాస్టారూ, ఈ డబ్బా తియ్యాలి. అర్జంటు. నట్లు తిరగడం లేదు. పట్టకారుతో పట్టి తిప్పితే ఒకదాని రెక్క విరిగి నా వేలు తెగింది. అరవై కిలోమీటర్లు వెళ్ళాలి, ఇలా తాడు కట్టుకుని వెళ్ళలేం."

"ఎక్కడికి?"

"మా అత్త దగ్గరికి. నాన్న వాళ్ళ అక్క. కాలు జారి పడింది, మంచం మీద ఉంది. నిన్న ఫోను చేసి నన్నడిగింది." అతను గొంతు తగ్గించాడు. "మీ నాన్నకి కాలే పోయిందనుకున్నాను, మనిషే పోయాడేమిట్రా అంది. ఏడాదిన్నరగా చూడలేదంది."

తాడు విప్పి, కుర్చీ దించి, డిక్కీలోకి వంగాను. ఒక్కసారి తిప్పినా రెక్కల మీద పూత కాస్త అరుగుతుంది. పట్టకారు తగలని నట్టు మీద నేను బిగించిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది, మర నిండా మాత్రం తుప్పు. కారు కడిగినప్పుడల్లా పాత రబ్బరులోంచి నీళ్ళు దిగాయి. అతను నా పక్కనే వంగి చూశాడు. ఆ పూత ఏం చెబుతోందో అతనికీ అర్థమైంది.

నూనె పోశాను. అది దిగడానికి పావుగంట పడుతుంది. ఈలోపు టీ పట్టుకుని పెద్దాయన దగ్గరికి వెళ్ళాను.

"పట్టేశాయా?" అనడిగాడు.

"పట్టేశాయన్నగారూ."

"విప్పని నట్టు పట్టెయ్యక ఏం చేస్తుంది?" టీ ఊదుకున్నాడు. "నువ్వు మంచి పనే చేశావు తమ్ముడూ. ఆ రోజే చూశాను, వేళ్ళతో విప్పేవి పెట్టావని. నేను నోరు తెరిస్తే మావాడు క్షణంలో విప్పుతాడు, ఆ సంగతి నాకు తెలుసు. వాడంతట వాడు ఎప్పుడైనా విప్పుతాడేమోనని చూశాను."

"అడగాల్సింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా."

"అమ్మనైతే అడగొచ్చు," అన్నాడు పెద్దాయన. "కొడుకుని అడగడం అంత సులువు కాదు."

గ్లాసు తీసుకుని వెనక్కి వచ్చాను. కారు కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. కొడుకు డిక్కీ అంచున చేతులు ఆనించి, నట్ల వైపే చూస్తున్నాడు. విన్నాడో లేదో నేనడగలేదు.

నూనెకి ఒక నట్టు కాస్త కదిలింది. విరిగింది మాత్రం మొండికేసింది. కింద పెట్రోలు ట్యాంకు ఉంది కాబట్టి కటింగ్ మిషను పెట్టడానికి లేదు, నిప్పురవ్వలు పనికిరావు. రంపపు బ్లేడు తెచ్చి కొయ్యబోతుంటే అతను చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వండి మాస్టారూ."

"వేలు తెగింది కదా."

"ఇవ్వండి."

పావుగంట కోశాడు. తెల్ల చొక్కా మోచేతులదాకా తుప్పు నూనె అయింది, రుమాలు ఎర్రబడింది. ఒక్కసారీ ఆగలేదు. షాపు గుమ్మంలో నిలబడి మా ఆవిడ అతన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. నేను అటక గుర్తొచ్చి తల తిప్పుకున్నాను.

నట్టు టంగుమని తెగి పడింది. రెండోది నేను తిప్పి తీశాను. ప్లగ్గు లాగి, డబ్బాని ఇద్దరం చెరోవైపు పట్టుకుని షాపులో గోడవారన పెట్టాం. కుర్చీని అతనే మడిచి, అంచు మీదున్న ఆ పాత గీతల మీదుగానే లోపలికి జరిపాడు. మూత ఒక్క తోపుకి పడింది.

"డబ్బా ఎప్పుడు పట్టుకెళ్తారు?" అనడిగాను.

"ఎనిమిదంగుళాలది చెయ్యండి మాస్టారూ. పక్కగూట్లోకి పోయేది." చేతులు తుడుచుకుని వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. తండ్రి వైపు చూడకుండా బెల్టు పెట్టుకున్నాడు, ఇంజను వేశాడు, కానీ కారు కదలలేదు.

"పాట పెట్టరా," అన్నాడు పెద్దాయన.

"బాగుండదు నాన్నా. డబ్బా తీసేశాం కదా. ఉత్త తలుపుల్లోంచే వస్తుంది."

"మాటలు వినిపిస్తాయా?"

"వినిపిస్తాయి."

"అయితే చాలు. పద."