నెయ్యని అంచులు

పరశురాములుకు పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయిననాడు శ్యాంసుందర్ ముందు ఏడ్చాడు, తరువాత లెక్క వేసుకున్నాడు. ఏడ్చింది అక్క మొగుడు కాబట్టి. లెక్క వేసుకున్నది, సిరిసిల్లలో తాను నడిపే జకార్డు మగ్గాల షెడ్డు ఆ చేయి గీసిన చీర అంచుల మీదే బతుకుతోంది కాబట్టి. లెక్క చూస్తే మరీ మునిగిపోయే బేరంగా కనబడలేదు. ఇదివరకు నేసిన అంచులు మగ్గాల దగ్గరే ఉన్నాయి. పడిపోకముందు చలికాలమంతా కూర్చుని గీసిన కొత్తవి, ఇంకా ఏ మగ్గమూ ఎక్కనివి, కంప్యూటర్‌లో ఉన్నాయి. వాటితో కొన్నేళ్లు గడుస్తుంది.

పరశురాములు లెక్క వేరు. ఇల్లు బామ్మర్ది పంపే బియ్యంతో గడుస్తుంటే, మంచంలో పడుకుని ఆయన ఒకటే మాట అనేవాడు.

"బామ్మర్దీ, గా కొత్త అంచులు నడిచినన్ని దినాలు నేను కూసొని తిన్నట్టు గాదు. నా కష్టం నేను తిన్నట్టే."

"కూసొని తింటున్నవని ఎవలన్నరు బావా?"

"ఎవలన్న అనకముందే చెప్తున్న."

అలా ఉండగా కోరుట్ల నుంచి హనుమంత రావు కబురు పెట్టాడు. తాతల నాడు ఊళ్లేలిన ఇల్లు వాళ్లది, ఇప్పుడు పెద్ద బట్టల దుకాణం. కొత్త అంచులు నచ్చితే దసరా సరుకంతా నీ దగ్గరే ఎత్తుతానన్నాడు. సరిగ్గా ఆ వారమే ల్యాప్‌టాప్ మొరాయించింది.

అంచులు గీసే సాఫ్ట్‌వేర్ పాతది. పాత విండోస్‌లో తప్ప నడవదు. అందుకని జగిత్యాలలో కంప్యూటర్లు బాగుచేసే భాగ్యశ్రీ, పరశురాములు దోస్తు బిడ్డ, కొత్త ల్యాప్‌టాప్ లోపలే ఒక పాత కంప్యూటర్‌ను అమర్చి ఇచ్చింది. వర్చువల్ మెషీన్ అంటారు దాన్ని. తెర మీద కిటికీలా తెరుచుకుంటుంది, ఆ కిటికీలో పాత విండోస్ నడుస్తుంది. గీసేది ఆ లోపల. మగ్గానికి పట్టుకుపోయే పెన్‌డ్రైవ్ మాత్రం బయటి కంప్యూటర్‌కే అతుకుతుంది. లోపలికీ బయటికీ నడుమ ఒక షేర్డ్ ఫోల్డర్ పెట్టి, గీసినవన్నీ అందులో దాచేవాడు పరశురాములు. ల్యాప్‌టాప్ తనంతట తాను అప్‌డేట్ అయిన మర్నాటి నుంచి, లోపల ఆ ఫోల్డర్ ఉండాల్సిన చోట ఎర్ర గుర్తు పడి కూర్చుంది.

శ్యాంసుందర్ కారు తీసి జగిత్యాలకు పోయాడు.

"పానం పోయినట్టు మొఖం పెట్టినవేంది కాకా?" అని నవ్వింది భాగ్యశ్రీ. "ఫోల్డర్ యాడికి పోలే. లోపలిదానికి తొవ్వ దొరుకుతలేదు, గంతే."

కంసాలి త్రాసు చూసినట్టు ఆమె వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు శ్యాంసుందర్. ముందు బయటి సెట్టింగులు చూసింది. షేరింగ్ ఆన్‌లోనే ఉంది, ఫోల్డర్ దారి కూడా సరిగ్గానే ఉంది. తప్పు లోపల ఉందని తేలింది. లోపలికీ బయటికీ పొత్తు కుదిర్చే టూల్స్ పాతవైపోయాయి. వాటిని తీసేసి కొత్తవి ఎక్కించి, లోపలి కంప్యూటర్‌ను మళ్లీ నడిపించింది. ఎర్ర గుర్తు పోలేదు. పాత డ్రైవ్ లంకెను తెంపి కొత్తగా కలిపింది. అప్పుడు తెరుచుకుంది, లోపల ఫైళ్ల పేర్లు వరుసగా నిలబడ్డాయి. బయటి కంప్యూటర్‌లో అదే ఫోల్డర్ తెరిచి పక్కన పెట్టింది.

"సూడు కాకా. గిది లోపల, గిది బయట. రెండు దిక్కుల కనబడుతున్నయి. ఇగ నీ పని అయినట్టే."

"రెండు దిక్కులా ఉన్నయంటవ్."

"కండ్ల ముంగటనే ఉన్నయి కదా. పెన్‌డ్రైవ్‌ల ఒక కాపీ ఏసియ్యాల్నా?"

"వద్దు బిడ్డా. ఇంకో కాపీ అంటే ఇంకో జేబు."

"మస్తు హుషారు కాకా నువ్వు," అంది ఆమె.

ఆ హుషారు ఊరికే వచ్చింది కాదు. సిరిసిల్లలో కొత్త అంచు దిగితే శాంపిల్ గుడ్డను నడిమికి కోస్తారు. ఒక ముక్క నేయించే ఆసామి దగ్గర, ఒక ముక్క సరుకు కొనేవాడి దగ్గర ఉంటుంది. రేపు తగాదా వస్తే రెండూ పక్కపక్కన పరిచి చూస్తారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి శ్యాంసుందర్ చూసిందదే. ఒకే అంచు రెండు చోట్ల కనబడిందంటే, దానికి రెండు ముక్కలున్నాయని అర్థం. ఒకటి ఎవడి చేతికైనా పోయేది, ఒకటి తన పెట్టెలో ఉండేది.

కోరుట్ల దారిలో అదే నెమరు వేసుకున్నాడు. హనుమంత రావు కొడుకు దినేశ్ మీద శ్యాంసుందర్‌కు నమ్మకం లేదు. కిందటేడు చూపించిపోయిన ఒక అంచు, మాట ఖాయం కాకముందే వేరే ఊరి చీరల మీద తేలింది. దినేశ్ ఎట్లాగూ పెద్ద తెరకు కలుపుతానని ల్యాప్‌టాప్ అడుగుతాడు. లోపలి కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ ఉంది, అది దినేశ్‌కు తెలియదు. బయటి ఫోల్డర్ మాత్రం బజార్లో మూత తీసి పెట్టిన గల్లాపెట్టె.

దుకాణం ముందు కారు ఆపి, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, బయటి ఫోల్డర్‌లోవన్నీ తీసేశాడు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. దొంగ రాకముందే తాళం వేసినంత తృప్తిగా లోపలికి నడిచాడు.

హనుమంత రావు గద్దె మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. దినేశ్ పెద్ద తెరకు వైరు కలిపాడు. శ్యాంసుందర్ పాస్‌వర్డ్ కొట్టి, లోపలి కిటికీ తెరిచి, ఫోల్డర్ నొక్కాడు. తెల్లగా ఉంది. మూసి మళ్లీ తెరిచాడు. మళ్లీ తెల్లగానే ఉంది.

"ఏందయ్యా శ్యాంసుందర్, అంచులు సూపెడ్తనని అంచు లేని గుడ్డ సూపెడుతున్నవు?" అన్నాడు హనుమంత రావు.

"గింత పలచగ నేస్తే కట్టుకునేటోళ్లకు కష్టం అంకుల్," అన్నాడు దినేశ్. గుమాస్తాలు నవ్వారు.

శ్యాంసుందర్ బయటికి వచ్చి భాగ్యశ్రీకి ఫోన్ చేశాడు. చేసింది చెప్పాడు.

"కాకా, అవి రెండు గావు. ఒక్కటే ఫోల్డర్. ఒక్క బీరువకు ఈ రూముల ఒక తలుపు, ఆ రూముల ఒక తలుపు ఉన్నట్టు. నువ్వు ఏ తలుపు తీసి సామాను పారేసినా బీరువ ఖాళీనే."

"నువ్వే అన్నవు గదా, రెండు దిక్కుల ఉన్నయని!"

"కనబడుతున్నయన్న. ల్యాప్‌టాప్ బంద్ చెయ్యి. ఇంకేం ముట్టకు. ఎంటనే తే."

తెచ్చాడు. ఆమె ఈసారి నవ్వలేదు. తుడిచిపోయినవాటిని వెతికే సాఫ్ట్‌వేర్ ఏదో వేరే డిస్కు నుంచి నడిపింది. ఎప్పటివో పెళ్లి ఫొటోల తుంపులు తేలాయి, కరెంటు బిల్లు ఒకటి తేలింది. అంచుల పేర్లు కొన్ని దొరికాయి, తెరిస్తే లోపల ఏమీ లేదు.

"గీ రకం డిస్కుల తుడిచిన జాగను మిషినే ఎంబడే సాఫ్ చేస్తది కాకా. పాత రకమైతే దొరుకుతుండె. నీకు చెప్పకపోవుడు నాది గూడ తప్పే," అంది. మజూరీ ఇవ్వబోతే తీసుకోలేదు.

సిరిసిల్ల చేరేదాకా శ్యాంసుందర్ ఇంకో లెక్క కట్టాడు. నిజం చెబితే బావ నమ్మకం పోతుంది, అక్క నమ్మకం పోతుంది, వాడకట్టులో మాట పోతుంది. భాగ్యశ్రీ పేరు చెబితే జగిత్యాలలో ఒక పిల్ల పేరు పోతుంది. వేరే ఊరి పిల్ల. తేలిక బరువు.

మంచం పక్కన కూర్చుని, "బాగుచేస్త చేస్త అన్ని తుడిచేసింది బావా ఆ పిల్ల," అన్నాడు.

"ఓసి దాని చేతులు పడిపో..." అని లేచిన అక్క లచ్చవ్వ, మొగుడి చేయి కనబడి సగంలోనే నోరు మూసుకుంది.

పరశురాములు ఆమె వైపు చూడలేదు.

"ఆ పిల్లను తిట్టకు. అది తుడువది. రెండు దిక్కుల కనబడేది ఒక్కటే ఫోల్డరని మొదటి దినం నాకు చెప్పిందే ఆ పిల్ల." తరువాత బామ్మర్ది వైపు తిరిగాడు. "లోపల తుడిచినవా, బయట తుడిచినవా?"

అబద్ధం నిలవనప్పుడు ఇంకా బిగించడం వ్యాపారం కాదని శ్యాంసుందర్‌కు తెలుసు.

"బయట."

"రావుసాబ్ సూసిండా?"

"లేదు బావా."

"ఒక్కటి గూడ?"

"లేదు."

"నువ్వన్న సూసినవా?"

"జగిత్యాలల సూసిన."

"ఎట్లున్నయి?"

శ్యాంసుందర్ చూసినవి ఫైళ్ల పేర్లు. అన్నీ ఉన్నాయా లేదా అని చూశాడు, ఎన్నాళ్లు గడుస్తుందో లెక్క కట్టాడు. ఒక్కదాన్నీ తెరిచి చూడలేదు.

"మస్తుగున్నయి బావా."

"ఏది మస్తుగున్నది?"

మగ్గాల చప్పుడు వీధిలోంచి వస్తోంది. పరశురాములు బామ్మర్ది మొహంలోకి చూశాడు. ఆపైన కళ్లు దించుకున్నాడు.

లచ్చవ్వ ఏం చేయాలో తెలియక అన్నం పెట్టుకొచ్చింది. మొగుడి ముందు ఒక కంచం, తమ్ముడి ముందు ఒక కంచం పెట్టింది. పరశురాములు ఎడమ చేత్తో తన కంచాన్ని మెల్లగా మంచం చివరకు జరిపాడు.