నీలం మూత డబ్బా

"పద్దెనిమిది వందల నలభై," అంది ఆసుపత్రిలో కొత్త మందు ట్రయల్ చూసుకునే కోఆర్డినేటర్, కాగితం మీద అంకెను వేలితో చూపిస్తూ.

బస్సు డ్రైవరుకు మొదట ఆ అంకె తనదని అర్థం కాలేదు. పేగుల్లో వాపు ఎంతుందో మలంలో కొలిచి చెప్పే పరీక్ష అది. కిందటిసారి అతనికి తొంభై వచ్చింది. రెండు వందల యాభై దాటితే జబ్బు తిరగబెట్టినట్టే లెక్క. జబ్బు బాగా ముదిరి మంచానికి అతుక్కుపోయిన రోజుల్లో కూడా అతని అంకె పదమూడు వందలు దాటలేదు.

"నేను బాగానే ఉన్నాను మేడమ్," అన్నాడు చివరికి.

"అదే నాకూ అంతుపట్టడం లేదండీ. రక్తం బాగుంది. నాలుగు కిలోలు పెరిగారు. డైరీలో రోజుకి ఒకటి రెండుసార్లే దొడ్డికి వెళ్తున్నట్టు రాస్తున్నారు. ల్యాబ్ వాళ్ళ చేత రెండోసారి కూడా చేయించాను, మళ్ళీ అదే వచ్చింది. ఇవాళ్టి ఇంజెక్షన్ ఆపమన్నారు డాక్టర్ గారు. రేపు లోపలికి కెమెరా గొట్టం వేసి చూస్తారు. అందులోనూ ఇదే తేలితే మిమ్మల్ని ట్రయల్ నుంచి తీసేస్తారు."

డ్రైవరు ఆ కాగితం తన వైపు తిప్పుకున్నాడు.

గుండె జబ్బంటే జనం అయ్యో పాపం అంటారు, పళ్ళు పట్టుకుని చూడటానికొస్తారు. పేగు జబ్బంటే మాట మార్చేస్తారు. క్రోన్స్ అనే పేరు చెప్పి, రోజుకు పదిహేనుసార్లు దొడ్డికి పరిగెత్తాలి, రక్తం పడుతుంది అంటే వినేవాళ్ళు ఎవరు? నలభై మందిని ఎక్కించుకున్న బస్సును రోడ్డు మధ్యలో ఆపి దిగిపోయే డ్రైవరును ఎవరు పెట్టుకుంటారు? డిపో వాళ్ళు అతన్ని స్టీరింగు మీంచి దించి, గేటు దగ్గర కుర్చీ వేసి, వచ్చేపోయే బస్సుల నంబర్లు రాసుకోమన్నారు. రెండేళ్ళు రాశాడు. ఆ రెండేళ్ళూ జేబులో ఒక ఎర్ర అట్ట నోటుబుక్కు పెట్టుకు తిరిగాడు. ఏ వీధిలో దొడ్డి ఎక్కడుందో అందులో ఉండేది. "పెట్రోలు బంకు వెనక, తాళం క్యాషియర్ దగ్గర." "బ్యాంకు, వాచ్‌మన్ మంచివాడు." "సినిమా హాలు, టికెట్ లేకపోతే పంపరు."

అప్పుడు ఈ ట్రయల్ దొరికింది. కొత్త మందు, నాలుగు వారాలకో ఇంజెక్షన్. సగం మందికి మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది వెళ్తోందో డాక్టరుకూ తెలియదు, కోఆర్డినేటర్‌కూ తెలియదు. అతనికి వెళ్ళింది ఏదైతేనేం, రెండో నెలకి కడుపు కుదుటపడింది. మూడో నెలలో డిపో వాళ్ళు సీటు తిరిగి ఇచ్చారు. ఎక్కిన రోజున అడ్డం ఎవరూ లేకపోయినా రెండుసార్లు హారన్ కొట్టాడు. ఎర్ర నోటుబుక్కు ఇంట్లో బట్టల కింద పడేశాడు. ఇప్పుడు ఆ ఇంజెక్షన్ ఆగిపోతే మళ్ళీ గేటు దగ్గర కుర్చీయే.

పైగా ఈ అంకె ఎలా వచ్చిందో తెలిసినవాడు ఆ గదిలో అతనొక్కడే. కాదు, తెలుసనుకున్నాడు.

పది రోజుల కిందట జరిగిందది. ప్రతి ఇంజెక్షన్‌కీ పది రోజుల ముందు నీలం మూత డబ్బాలో ఆ ఉదయపు మలమే కొంచెం తీసి, తొమ్మిదిలోపు ఇవ్వాలి. నిన్నటిది పనికిరాదు. రెండేళ్ళు ఆగమంటే ఆగని కడుపు ఆ ఉదయం రమ్మంటే రాలేదు. గంట కూర్చుని, ఖాళీ డబ్బాతో బయటికొచ్చాడు. ఇదివరకే ఒకసారి డబ్బా ఇవ్వడం తప్పింది. రెండోసారి తప్పితే ఏమంటారోనని భయం. పదింటికి డ్యూటీ.

ముందు గదిలో అక్క మిషను కుడుతోంది. ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. వీధిలో సగం మంది బట్టలు ఆమె చేతి మీదుగానే వెళతాయి. తమ్ముడి ముఖం చూసి నవ్వింది.

"ఒకప్పుడు తలుపు గడియ తీసేదాకా ఆగేది కాదు. ఇప్పుడు బతిమాలుకోవాల్సి వస్తోందా?"

"అక్కా, నువ్వివ్వచ్చుగా."

మిషను ఆగింది. "నాదెందుకురా?"

"చెంచాడు చాలు. నీ కడుపుకేం, మహారాణి కడుపు. నాకు మంచి మార్కులు పడతాయి."

అక్క ఆ డబ్బా వైపు చాలాసేపు చూసింది. తర్వాత మారుమాట్లాడకుండా తీసుకుని లోపలికి వెళ్ళింది. సిగ్గుపడుతోందని అతను అనుకున్నాడు. మూత గట్టిగా బిగించి, సంచిలో పెట్టి, తెచ్చి చేతిలో పెట్టింది.

ఇప్పుడు ఆ సంగతి దాస్తే ఇంజెక్షన్ పోతుంది. చెబితే పరువు పోతుంది. ఇంజెక్షన్ కంటే పరువు ఎక్కువేం కాదనుకున్నాడు.

"మేడమ్, అది నాది కాదు."

"ఏది?"

"డబ్బాలోది."

కోఆర్డినేటర్ పెన్ను కింద పెట్టింది. పదకొండేళ్ళుగా ఈ పనిలో ఉంది. మాత్రలు పూలకుండీలో పారేసినవాళ్ళను చూసింది. నెల రోజుల డైరీ ఒక్కరోజులో, బయట బల్ల మీద కూర్చుని, పెన్ను రంగు మార్చి మార్చి నింపినవాళ్ళను చూసింది. ఇది మాత్రం చూడలేదు. ఆమె ముఖం ఎర్రబడింది.

"ఈ మందు పనిచేస్తుందో లేదో తెలియడం కోసం కొన్ని వందల మంది ఒళ్ళు అప్పగించి కూర్చున్నారండీ. మీ ఒక్క డబ్బా వాళ్ళందరి లెక్కా పాడుచేస్తుంది. చదువుకున్నవాళ్ళు, మీకు నేను చెప్పాలా?"

డ్రైవరు తల దించుకున్నాడు. దించుకున్నాడే గాని లోపల ప్రాణం లేచొచ్చింది. జబ్బు తిరగబెట్టలేదు. అంకె తనది కాదు. నాలుగు చీవాట్లతో పోయేదానికి ఇంత హడలిపోయానా అనుకున్నాడు.

"ఎవరిది మరి?"

"మా అక్కదండీ," అన్నాడు, కాస్త నవ్వుతూనే.

కోఆర్డినేటర్ మళ్ళీ కాగితం చూసింది. ముఖంలో కోపం పోయింది.

"ఆవిడ ఆరోగ్యం ఎలా ఉంది?"

"అక్కకేం, గుండ్రాయిలా ఉంటుంది."

"గుండ్రాయిలా ఉన్నవాళ్ళకి యాభై కూడా దాటదండీ."

ఆ మాట వినపడింది గాని లోపలికి దిగడానికి సమయం పట్టింది. దిగాక అతని నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. కోఆర్డినేటర్ ఫైలు వెనక్కి తిప్పి మొదటి రోజు కాగితం తీసింది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగాను, గుర్తుందా? ఇది కుటుంబాల్లో వచ్చే అవకాశం ఉంది. మీరు నోరు తెరిచేలోపే, పక్కన కూర్చున్న మీ అక్కగారు లేదన్నారు."

అతనికి గుర్తుంది. అక్క అంత గబుక్కున జవాబు చెప్పడం అప్పుడు వింతగా కూడా తోచలేదు.

"మీ విషయం కమిటీకి రాయక తప్పదు. ఉంచుతారో తీసేస్తారో నా చేతుల్లో లేదు," అంది ఆమె. "కానీ రేపు ఉదయం ఎనిమిదింటికి ఆవిడని తీసుకురండి. ఇవాళ్టి నుంచే రాయించండి, రోజుకి ఎన్నిసార్లు, రక్తం ఉందా లేదా."

ఇంటికి ఎలా చేరాడో అతనికే తెలియదు. తను నడిపే రూటు బస్సులోనే ప్రయాణికుడిగా కూర్చుని, దిగాల్సిన స్టాపు దాటిపోయి వెనక్కి నడిచొచ్చాడు. అక్క ఇంట్లో లేదు. గుండీలు కొనడానికి వెళ్ళిందని పక్కింటావిడ చెప్పింది. పాత నోటుబుక్కులో వెనక ఖాళీ పేజీలుంటాయి, అందులో రాయిద్దామని బట్టల కింద వెతికాడు. అక్కడ లేదు. మిషను సొరుగులో, దారపు కండెల అడుగున దొరికింది.

తన రాత అయిపోయిన చోట మరో రాత మొదలైంది. కొలతలు రాసే ఆ గుండ్రటి అక్షరాలు అతనికి బాగా తెలుసు.

"గుండీల కొట్టు వెనక, అడిగితే పంపుతారు." "లైబ్రరీ, మెట్లు ఎక్కువ." "లైనింగు గుడ్డ షాపు, ముసలాయన ఉంటేనే."

నాలుగు పేజీలున్నాయి.

నోటుబుక్కు పట్టుకుని మిషను ముందే కూర్చున్నాడు. ఎదురుగా కొక్కేనికి అక్క నీలం జాకెట్టు వేలాడుతోంది. వదులైనప్పుడల్లా పక్క కుట్టు విప్పి లోపలికి వేసిన గుర్తులు ఒకటి కాదు, మూడు వరసలున్నాయి. ఆమె కుడుతుంటే చూశాడు. ఎవరిదో అనుకున్నాడు.

అక్క వచ్చేసరికి నోటుబుక్కు అతని ఒళ్ళో తెరిచి ఉంది. ఆమె చూసింది. గుండీల పొట్లం మిషను మీద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎన్నాళ్ళుగా?" అన్నాడు.

"నువ్వు ట్రయల్‌లో చేరడానికి నెలన్నర ముందు."

"మరి ఆ రోజు లేదన్నావే."

"ఉందంటే నీ సంగతి వదిలేసి నా వెంట తిరిగేవాడివి. నీకు జరిగినవన్నీ దగ్గరుండి చూశాను కదరా. ఆ గొట్టాలూ అవీ. నాకు ధైర్యం చాల్లేదు."

అతనికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "చెప్పడానికి ధైర్యం లేనిదానివి ఆ డబ్బా ఎలా ఇచ్చావు?"

"అందుకే ఇచ్చాను. పెద్ద ల్యాబ్ కదా, చూస్తారు, ఏదైనా ఉంటే పిలిచి చెబుతారు అనుకున్నా. నీ పేరున పిలుస్తారని అప్పుడు తోచలేదు." ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "పది రోజులైంది. ఎవరూ ఏమీ అనలేదు. బాగానే ఉందనుకున్నాను."

అతని పరీక్షల కాగితాలన్నీ తేదీలవారీగా దాచేది ఆమే. ప్రతి అంకె మొదట ఆమెకే చెప్పేవాడు, ఫోన్‌లోనైనా సరే.

"ఎంతొచ్చిందిరా?" అంది అక్క.

"పద్దెనిమిది వందల నలభై."

ఆమె అతని ఒళ్ళోని నోటుబుక్కు మూసింది.

"నీకెప్పుడూ అంత రాలేదు కదరా," అంది.