జింక రాని పూట

జపాన్‌లో ఓగికుబో అనే పేటలో సోబా నూడుల్స్ కొట్టు మీది అంతస్తులో ఉన్న ఆ చిన్న స్టూడియోలో, పొద్దున్న పదింటికి, కుజే నగిసా చేతులు కట్టుకుని వీడియో కాల్ తెర ముందు కూర్చుంది. అమెరికాలో ఎక్కడో ఆరుగురు తను తీసిన యానిమే బొమ్మల సీరియల్ చూసి నవ్వుతారో లేదో తేలే రోజు. ముక్కూ మొహం తెలియని వాళ్ళు తనకి మార్కులు వేయడమేమిటని ఆమె లేచినప్పటి నుంచీ కుతకుతలాడుతోంది.

ఆ సీరియల్‌లో కథంటూ పెద్దగా లేదు. తల్లీ తండ్రీ, ఇద్దరు పిల్లలు. రోజూ వాళ్ళు అన్నాలు తినే వేళకి ఒక జింక తలుపు తోసుకొచ్చి, తన దిండు మీద కూర్చుని, అన్నం తిని పోతుంది. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. తండ్రి ముల్లంగి ఊరగాయ కూడా దాని వైపు జరుపుతాడు. ఆ అడగకపోవడానికే జపాన్‌లో జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఏడో భాగంలో జింక రాదు. దాని గిన్నెలో అన్నం పెట్టి, పన్నెండు సెకన్లు నలుగురూ మాటా పలుకూ లేకుండా తింటారు. తండ్రి అలవాటుకొద్దీ ముల్లంగి అటు జరుపుతాడు. అంతే.

"మా వాళ్ళకి ఇది ఎక్కదు. ఇంట్లో జింకేమిటని ఎవరో ఒకరు గదమాయించాలి, అప్పుడే నవ్వొస్తుంది" అంది రెండో సీజన్‌కి డబ్బు పెట్టాల్సిన అమెరికా కంపెనీ. ఆ మాట చేర్చాలి, లేదా ఈ ఆరుగురూ నవ్వాలి. రెండూ కాకపోతే రెండో సీజన్ లేదు. రెండో సీజన్ కోసం హతనాకా రాసిపెట్టి వెళ్ళిన ఐదు భాగాలు సొరుగులో ఉన్నాయి. నగిసా బాధంతా వాటి గురించే.

హతనాకా రాసేవాడు, ఆమె తీసేది. పందొమ్మిదేళ్ళు అలా గడిచాయి. ప్రతి బుధవారం ఆయన అన్నం డబ్బా తెచ్చుకునేవాడు. పోయిన ఏడాది వసంతం నుంచి దాన్ని మూత కూడా తీయకుండా ఆమె వైపు జరిపేవాడు.

"మీరు తినండి కుజే గారూ. నాకు ఆకలిగా లేదు."

ఆమె తినేది. ఆయన చొక్కా వదులైంది, బెల్టుకి కొత్త చిల్లు పడింది. ఆమెకి కళ్ళు లేవా? ఉన్నాయి. చెప్పాలనుకుంటే ఆయనే చెబుతాడు, అడిగి ఇబ్బంది పెట్టడం మర్యాద కాదనుకుంది. ఆ ఊళ్ళో ఎవరైనా అలాగే అనుకుంటారు. సెప్టెంబరులో ఆయన రావడం మానేశాడు; అప్పుడూ ఆమె అడగలేదు. డిసెంబరులో ఆయన చెల్లెలి దగ్గర్నుంచి బూడిదరంగు అంచు కార్డు వచ్చింది: అన్నయ్య అక్టోబరులో పోయారు, అంచేత ఈసారి మా ఇంటి నుంచి కొత్త సంవత్సరం శుభాకాంక్షలు రావు, మన్నించండి. పందొమ్మిదేళ్ళ స్నేహితుడు పోయిన కబురు ఆమెకి అలా తెలిసింది.

తెర మీద ఆ ఆరుగురూ చూస్తున్న ఏడో భాగం అయిపోయింది. ఆరుగురిలో ఒక్కరూ నవ్వలేదు. చివర కూర్చున్న లావుపాటి ముసలాయన, స్కూలు బస్సు నడుపుతాడట, చెయ్యెత్తి ఏదో అడిగాడు.

"ఏమంటాడు?" అంది నగిసా.

ఇంగ్లీషు వచ్చిన నిర్మాత ఇసోగాయ్ తల గోక్కున్నాడు. "జింకకేమైందని అడుగుతున్నాడండీ. ఇన్నాళ్ళూ వాళ్ళింట్లో అన్నం తింది కదా, రాకపోతే ఒక్కరైనా లేచి వెళ్ళి చూడరేం, ఎలాంటి మనుషులండీ వీళ్ళు, అంటున్నాడు. పాపం, పెద్దాయనకి మన హాస్యం బొత్తిగా తలకెక్కలేదు."

నగిసా లేచి సొరుగు తీసింది. ఐదు భాగాల కింద నుంచి పాత ఏడో భాగం ప్రతి లాగింది. ఆ పన్నెండు సెకన్ల చోట హతనాకా పెన్సిలు రాత ఉంది. చిన్న కూతురు అనే మాట: "ఇవాళ రాలేదేం? వెళ్ళి చూసొద్దామా?"

దాని మీద ఎర్ర గీత. పక్కన తన రాతే: 'అడిగితే జోకు చచ్చింది.'

గుర్తొచ్చింది. అది పోయిన ఏడాది జూన్ నెల. హతనాకా ఆ గీత కేసి కాసేపు చూసి, "నిజమేలెండి, ఇలాగే బాగుంది" అన్నాడు. అని అన్నం డబ్బా ఆమె వైపు జరిపాడు. ఆమె మూత తీసి తినేసింది.

నగిసా కాగితం మీద తల ఆనించి, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఇసోగాయ్ మర్యాదగా కిటికీ వైపు తిరిగాడు.

"ఇటు తిరగండి! ఏమైందని అడగండి!" అని అరిచింది.

అతను బెదిరిపోయి, "ఏ... ఏమైందండీ?" అన్నాడు. ఆమె చెప్పింది.

మర్నాడు నగిసా, చిన్న కూతురి మాట తిరిగి చేర్చమంది.

"వాళ్ళు అడిగిన మాట ఇది కాదు కదండీ" అన్నాడు ఇసోగాయ్. "దీనికి నవ్వు రాదు. రెండో సీజన్ పోతుంది. ఆయన రాసిన ఐదూ అలాగే ఉండిపోతాయి."

"నాకు తెలుసు. అయినా ఆయన అడిగించాలనుకున్నది ఇదొక్కటే. నేనే నోరు మూయించాను."

వారం తిరక్కుండా కంపెనీ నుంచి కుదరదని ఉత్తరం వచ్చింది. ఐదు భాగాలూ సొరుగులోకే వెళ్ళాయి. నగిసా మాత్రం రికార్డింగు గది ఖాళీ చేయనివ్వలేదు. చిన్న కూతురికి గొంతిచ్చే అమ్మాయి మైకు ముందు నిలబడి, "ఎలా అనమంటారు మేడమ్? నవ్వొచ్చేలాగానా?" అంది.

"కాదమ్మా. ఊరికే అడుగు. అడిగి, జవాబు వస్తుందేమోనని ఆగు."

అమ్మాయి అడిగింది. "ఇవాళ రాలేదేం? వెళ్ళి చూసొద్దామా?"

పన్నెండు సెకన్లు అయ్యాయి. చాలనుకుని అమ్మాయి అద్దం అవతల కూర్చున్న వాళ్ళ వైపు చూసింది. ఆపమని నగిసా అనలేదు.