గడియ తీసేసిన బాత్రూం

మా నాన్న బాత్రూంలో జారిపడ్డప్పుడు తలుపు లోపల గడియ వేసి ఉంది. మా ఆయన భుజంతో గుద్ది గుద్ది తలుపు విరగ్గొట్టాడు. తీరా చూస్తే నాన్న నేల మీద కూర్చుని, నడుముకి తువ్వాలు చుట్టుకుని, మాకోసమే ఎదురుచూస్తున్నట్టు ఉన్నాడు.

"అంతసేపు పిలుస్తుంటే పలకవేం?" అన్నాను.

"తువ్వాలు అందొద్దూ?" అన్నాడు.

ముందు తువ్వాలు, తర్వాత ప్రాణం. ఆయనకి అందులో తప్పేమీ కనిపించలేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

వెంటనే మేస్త్రిని పిలిపించాను. నున్నటి టైల్స్ పీకించి గరుకువి వేయించాను. గడప కొట్టించేశాను. షవర్ కింద, కమోడ్ పక్కన, తలుపు దగ్గర గోడకి స్టీలు కడ్డీలు బిగించాడు మేస్త్రి. కూర్చుని స్నానం చెయ్యడానికి గోడకి మడిచే సీటు కూడా పెట్టాడు. నాన్న అన్నిటికీ తలూపాడు. కడ్డీ పట్టుకుని కాస్త ఊగి చూసి, "బస్సులో ఉన్నట్టుంది" అన్నాడు. బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి, ఆయన నోట అది పెద్ద మెప్పే.

పేచీ అంతా గడియ దగ్గర వచ్చింది. "కొత్త తలుపుకి లోపల గడియ వద్దు" అన్నాను మేస్త్రితో.

"పెట్టు" అన్నాడు నాన్న.

మేస్త్రి ఇద్దరి మొహాలూ చూశాడు. ఇలాంటి ఇళ్లు చాలా చూసినట్టున్నాడు, టీ తాగొస్తానని జారుకున్నాడు.

"గడియ లేకపోతే అది బాత్రూం ఎలా అవుతుందే?"

"నీ కూతుర్ని నాన్నా. నా దగ్గర నీకు సిగ్గేంటి?"

"కూతురివి కాబట్టే."

బయట నుంచి కూడా తీయగలిగే రకం పెడదామని మా ఆయన మధ్యలో దూరాడు. "బయట నుంచి తీసేదాన్ని గడియ అనరు అల్లుడూ" అన్నాడు నాన్న. మా ఆయన కూడా టీ తాగడానికి వెళ్లిపోయాడు.

నా మాటే నెగ్గింది. నాన్న స్నానం మానేశాడు. అసలే ఎండాకాలం. ఆయన పంతం ఏ గదిలో ఉందో కళ్లు మూసుకుని కూడా చెప్పగలిగే పరిస్థితి వచ్చాక నేనే దిగొచ్చాను.

"లోపలున్నంతసేపూ ఏదో ఒకటి పైకి అంటూ ఉండు. నీ గొంతు వినిపిస్తున్నంతవరకూ తలుపు జోలికి ఎవరూ రారు. ఆగితే మాత్రం తెరిచేస్తా."

"ఏమనను?"

"నీ ఇష్టం. పాట పాడుకో."

మా నాన్న జన్మలో పాట పాడి ఎరగడు. కాసేపు ఆలోచించుకుని లోపలికి వెళ్లాడు. నీళ్ల చప్పుడుతో పాటు కేక వినిపించింది. "మార్కెట్! మార్కెట్ దిగేవాళ్లు ముందుకు రండమ్మా!"

ఉద్యోగమంతా తిరిగిన రూటు అది. మార్కెట్, పెద్దాసుపత్రి, రైలు గేటు, పాల డిపో, కోర్టు, సినిమా హాలు, ఆఖరికి బస్టాండు. వినగా వినగా మాకూ లెక్క తెలిసిపోయింది. ఆసుపత్రి అంటే వీపుకి సబ్బు. కోర్టు అంటే నెత్తిన నీళ్లు. సినిమా హాలు వినపడగానే నేను టీ పెట్టేదాన్ని. మా ఆయన ఆఫీసుకి ఆలస్యమైనప్పుడు తలుపు దగ్గరికెళ్లి, "మామయ్యా, ఎక్కడిదాకా వచ్చారు?" అని అడిగేవాడు. "గేటు పడిందోయ్, ఆగాలి" అని లోపల్నించి జవాబు.

ఒకరోజు "రైలు గేటు" అన్నాక ఏమీ వినపడలేదు. గేటు పడిందేమోలే అనుకున్నాను. నీళ్ల చప్పుడూ ఆగింది. మళ్లీ "రైలు గేటు" అన్నాడు, ఈసారి మెల్లగా. ఆ తర్వాత ఏమీ లేదు. పరిగెత్తుకెళ్లి తలుపు పిడి పట్టుకున్నాను.

"తెరవకు!" అన్నాడు.

"పడ్డావా?"

"లేదు."

"కళ్లు తిరుగుతున్నాయా?"

"లేదు. కడ్డీ పట్టుకునే ఉన్నాను."

"మరెందుకు ఆగావ్?"



"అమ్మాయ్," అన్నాడు. "రైలు గేటు తర్వాత ఏం వస్తుంది?"

నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పే మనిషి. పడిపోయిన మనిషిని లేపడానికి అన్నీ సిద్ధం చేసుకున్నాను గానీ, దీనికి ఏం చెయ్యాలో నాకు తెలీదు. వెంటనే ఆయన మొహం చూడాలనిపించింది. పిడి తిప్పితే చాలు. కానీ ఆయన నన్ను చూడనివ్వకూడదనుకుంటున్నది ఇప్పుడు ఒంటిని కాదు, ఆ మొహాన్నే. చెయ్యి తీసేశాను.

"పాల డిపో, నాన్నా."

"తెలుసు" అన్నాడు కోపంగా. "పాల డిపో" అన్నాడు. "తర్వాత?"

"కోర్టు."

"కోర్టు!"

బస్టాండు దాకా ఒక్కో స్టాపూ నేను బయట నుంచి అందించాను. ఆయన అరిచాడు. ఆఖరి స్టాపు అయ్యాక గానీ లోపల మళ్లీ నీళ్ల చప్పుడు మొదలవలేదు.

తర్వాత వంటింట్లోకి వచ్చి ఏడ్చాను. చప్పుడు కాకుండా ఏడవడం నాకు చేతకాదు, అందుకని కుళాయి పూర్తిగా తిప్పేశాను.

"ఆ కుళాయి కట్టెయ్యవే!" అని బాత్రూంలోంచి కేకేశాడు నాన్న. "ఇక్కడ నాకు నీళ్లు రావట్లేదు. వీపున సబ్బు అలాగే ఉంది."